వార్తల్లో పదం: కస్టమ్ స్కిన్

కొత్త ఫోన్ వార్త ఏది చదివినా హైపర్‌ఓఎస్, వన్ యూఐ, రియల్‌మీ యూఐ వంటి పేర్లు కనిపిస్తున్నాయి. ఇవన్నీ కస్టమ్ స్కిన్‌లే. గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్‌పై ఫోన్ కంపెనీ సొంతంగా వేసే పైపొరే స్కిన్. ఐకాన్లు, సెట్టింగ్‌లు, కొన్ని అదనపు సౌకర్యాలు ఈ పొరలోనివే.

2015లో మన శ్రీసిటీలో తయారైన షియోమీ ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌లో ఉన్న ఎంఐయూఐ కూడా స్కినే. 2023లో షియోమీ దాని స్థానంలో హైపర్‌ఓఎస్ తెచ్చింది.

స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్లలో పదివేల రూపాయల లోపు ఫోన్ కొనేవారికి ఈ పొర ముఖ్యం. ఎందుకంటే అది కూడా స్టోరేజీని, ర్యామ్‌ను వాడుకుంటుంది. 64 జీబీ ఫోన్‌ను పెట్టెలోంచి తీసి సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూడండి, కొంత చోటు అప్పటికే నిండి ఉంటుంది. అడగకుండానే వచ్చిన యాప్‌లూ అందులో ఉంటాయి. కొన్నింటిని తీసేయొచ్చు, కొన్ని కదలవు.

మరి ఉపయోగాలు? యాప్‌కు తాళం, ఒకే యాప్‌ను రెండుగా వాడే డ్యుయల్ యాప్స్ నిజంగా పనికొస్తాయి. దుకాణానికో నంబరు, ఇంటికో నంబరు ఉన్నవారికి డ్యుయల్ యాప్స్ పెద్ద వెసులుబాటు. అయితే 2023 నుంచి వాట్సాప్ తానే రెండు ఖాతాలకు వీలిచ్చింది.

‘4 ప్లస్ 4 జీబీ ర్యామ్’ అని రాసి ఉంటే మాత్రం ఆగి అడగాలి. రెండో నాలుగు స్టోరేజీ నుంచి అరువు తెచ్చిన వర్చువల్ ర్యామ్. అసలు ర్యామ్ కంటే అది చాలా నెమ్మది. స్కిన్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో కూడా కొనేముందే అడగండి.