సగంలో ఆపగూడని పని

నిరుడు ఎండాకాలంలో ఒక సాయంత్రం మా లింగాల ఘనపూర్ మీదికి గాలిదుమారం లేచింది. సరిగ్గా ఆ వేళకే నేను ఒక బుద్ధితక్కువ పని మొదలుపెట్టి కూర్చున్నాను. ఆ సంగతి చెబితే నా పరువు కొంత పోతుందేమో గాని, పదిళ్ళకు ఉపకారం జరుగుతుందని చెబుతున్నాను.

మా ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంది. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనిచ్చి, అన్నీ తానే అమర్చిపెట్టి పోయాడు. నాకది పాఠాల నోట్సుకూ, ప్రశ్నపత్రాలకూ పనికివస్తుంది. మా ఆవిడకు అంతకంటె ముఖ్యం. వాళ్ళ అమ్మమ్మ పాడిన పెళ్ళిపాటలు నూటికి పైగా అందులో టైపు చేసుకుంది. ఆ అమ్మమ్మ ఇప్పుడు లేదు. పాటలు రాసుకున్న కాగితాలను చెదలు తినేసింది. మిగిలిన ప్రతి అదొక్కటే.

ఆ సాయంత్రం తెరమీద ఒక కబురు వచ్చింది: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సిద్ధంగా ఉన్నదట. ఇలాంటివి రోజూ వచ్చేవే గదా అని నొక్కేశాను. మా లాప్‌టాప్ బ్యాటరీ పైకి నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది. తీగ ఊడదీస్తే మాత్రం రెండు నిమిషాలు నిలవదు. తెరమీది గీత సగం దాకా నడిచింది. కరెంటు పోయింది. బ్యాటరీ తన బండారం బయటపెట్టుకుంది. తెర నల్లబడింది. తరువాత ఎన్నిసార్లు మీట నొక్కినా లైటు వెలగడమే గాని యంత్రం లేవలేదు.

“ఏమండీ, నా పాటలు?” అంది మా ఆవిడ. నేను జవాబు చెప్పలేదు.

ఇంతకూ ఈ ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి? మీట నొక్కగానే అన్నిటికంటె ముందు మేలుకునేది అది. లోపల గోరంత చిప్పులో ఉంటుంది. కీబోర్డు ఉందా, డిస్కు ఉందా అని పరామర్శించి, ఆ తరువాత విండోస్‌ను నిద్రలేపుతుంది. ఫర్మ్‌వేర్ అనే మాటను 1967లో ఆషర్ ఓప్లర్ అనే అమెరికా రచయిత వాడుకలోకి తెచ్చాడు. బయోస్ అనే పేరు 1975 ప్రాంతంలో గ్యారీ కిల్డాల్ పెట్టినది. ఇప్పటి యంత్రాల్లో దాని స్థానంలోకి యూఈఎఫ్ఐ వచ్చినా, జనం నోట బయోస్ అనే మిగిలింది.

తొలిరోజుల్లో ఈ రాత చెరపరానిది. ఫ్లాష్ చిప్పులు వచ్చాక చెరిపి తిరగరాయడం సాధ్యమైంది. తిరగరాయగలిగినదాన్ని పాడుచేయడమూ సాధ్యమే గదా! 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అనే వైరస్ ఎన్నో కంప్యూటర్లలో ఈ రాతనే చెరిపేసి వాటిని మూలన కూర్చోబెట్టింది.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక నాకు మన బమ్మెర పోతనగారే గుర్తుకొస్తారు. ఆ బమ్మెర మా జనగామ జిల్లాలోనే ఉంది. ఆయన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారు కాబట్టి గ్రంథం మనకు దక్కింది. కొన్ని ఖరీదైన లాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేర్‌కు రెండో ప్రతి ఉంటుంది. మొదటిది చెడితే ఆ నారయ పని అదే చేస్తుంది. నా లాప్‌టాప్‌కు ఆ భాగ్యం లేదు.

మర్నాడు దాన్ని జనగామ తీసుకుపోయాను. మరమ్మతు కుర్రవాడు చూడగానే అడిగాడు: “మధ్యల కరెంటు పోయిందా సార్?” ఎనిమిది కాళ్ళున్న ఆ చిప్పుకు ఒక క్లిప్పు తగిలించి, వేరే కంప్యూటరు నుంచి రాతంతా మళ్ళీ ఎక్కించాడు. మూడోనాటికి యంత్రం లేచింది. లేచి, నలభై ఎనిమిది అంకెల తాళపుచెవి చెప్పమంది!

డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఫర్మ్‌వేర్ మారగానే ఆ తాళం మనను దొంగలనుకుని బిగుసుకుంటుంది. పాటలు క్షేమంగా లోపలే ఉన్నాయి. తలుపు మాత్రం తీయరాదు. అబ్బాయికి ఫోను చేశాను. “నా అకౌంట్ల ఉంటది బాపూ, నేనే కదా సెట్ చేసింది” అని అంకెలన్నీ చదివాడు. మా ఆవిడ ఒక్కొక్కటే రాసుకుంది. తలుపు తెరుచుకుంది.

అయితే అప్‌డేట్ అసలు మానుకుంటే పోలేదా? పోదు. 2023 డిసెంబరులో లోగోఫెయిల్ అనే లోపాలు బయటపడ్డాయి. యంత్రం లేవగానే కనిపించే కంపెనీ బొమ్మ దారినే దొంగ ప్రవేశించవచ్చునని తేలింది. ఆ కన్నం పూడ్చేది ఫర్మ్‌వేర్ అప్‌డేటే. అలాగని వచ్చిన రోజే ఎగబడనూ అక్కర్లేదు. 2018 జనవరిలో ఇంటెల్ ఇచ్చిన దిద్దుబాటు వల్ల కొన్ని యంత్రాలు ఊరికే ఆగి మళ్ళీ మొదలవుతుంటే, ఆ కంపెనీయే దాన్ని ఆపమని చెప్పవలసివచ్చింది. కొద్ది రోజులు ఆగి చూడడం తప్పు కాదు.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఇది. ముందుగా ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తాం. బిట్‌లాకర్ అంకెలు కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకుని, పని అయ్యేదాకా ఆ తాళాన్ని తాత్కాలికంగా నిలిపివేస్తాం. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి మోడల్ పేరూ, బయోస్ వెర్షనూ రాసుకుంటాం. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు మనది కాదు. విండోస్ అప్‌డేట్ నుంచో, తయారీదారు సొంత సైటు నుంచో తప్ప మరెక్కడా తీసుకోం. బ్యాటరీ కొత్తది వేయించాం. అయినా చార్జరు తగిలించే చేస్తాం. మబ్బు పట్టినరోజు ముట్టుకోం.

మొదలుపెట్టాక అన్నిటికంటె కావలసింది ఓపిక. తెర నల్లబడుతుంది, ఫ్యాను రొద చేస్తుంది, యంత్రం రెండు మూడుసార్లు తనంతట తానే ఆగి లేస్తుంది. చూసేవారికి గుండె దడదడలాడుతుంది. అప్పుడు మీట నొక్కారో, నా కథే మీ కథ. మూత వేయకుండా, తీగ పీకకుండా, దూరంగా కూర్చుని ఒక గంట గడవనివ్వండి.

మొన్న మళ్ళీ అప్‌డేట్ వచ్చింది. పొద్దున్నే, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, పద్ధతి ప్రకారం చేశాను. ఇరవై నిమిషాల్లో ముగిసింది. మా ఆవిడ అప్పటిదాకా ఆ గదిలోంచి కదలలేదు. పాటలన్నీ ఉన్నాయని కళ్ళారా చూసుకున్నాక పెన్‌డ్రైవునూ, అంకెల కాగితాన్నీ తీసుకుపోయి తన నగల పెట్టెలో పెట్టి తాళం వేసింది.