చేతికి గిటారు... పక్కన ఎవరు?

పదహారేళ్ల బ్రయాన్ మేకి మంచి ఎలక్ట్రిక్ గిటారు కావాలి. కొనేంత డబ్బు ఇంట్లో లేదు. దాంతో 1963 ఆగస్టులో ఆ అబ్బాయీ, ఎలక్ట్రానిక్స్ బాగా తెలిసిన తండ్రి హెరాల్డూ కలిసి లండన్ శివార్లలోని ఇంట్లోనే దాన్ని తయారు చేయడానికి పూనుకున్నారు. పాత చలిమంట గూటి చెక్కను గీసి గీసి మెడ చేశారు. పాత మోటారు సైకిల్ వాల్వ్ స్ప్రింగులను తీగలు ఆనే వంతెన (బ్రిడ్జ్) దగ్గర బిగించారు. అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు మెడ మీద గుర్తుచుక్కలయ్యాయి. పని పూర్తయ్యేసరికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత క్వీన్ బృందం పాటల్లో ప్రపంచం విన్నది ఆ గిటారునే. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి బ్రయాన్ మే వాయించిందీ దాన్నే.

ఇప్పుడు అంత కష్టం అక్కర్లేదు. ఇంటర్ పరీక్షలు అయిపోగానే అమ్మానాన్నల్ని ఒప్పించి, ఫోన్లో నాలుగు బొమ్మలు చూసి ఆర్డర్ పెడితే మూడో రోజుకి గిటారు గుమ్మంలో ఉంటుంది. చాలా ఇళ్లలో ఆరు నెలలు తిరిగేసరికి అది బీరువా పక్కన దుమ్ము కొట్టుకుపోతోంది. పిల్లల్లో పట్టుదల లేదని పెద్దలు తేల్చేస్తారు. నాకు కనిపించే కారణాలు వేరు: ఆ గిటారు వేళ్లకు అనుకూలంగా లేదు, వాయించేవాడికి పక్కన ఎవరూ లేరు.

ముందు గిటారు సంగతి. ఎలక్ట్రిక్ గిటారు ఒంటరిగా పలికే వాయిద్యం కాదు. ఉక్కు తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ ఉంటాయి. దీన్నే పికప్ అంటారు. తీగ కదిలినప్పుడు ఆ రాగి చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. దాన్ని పెద్దది చేసి మన చెవికి చేర్చేది యాంప్లిఫయర్. అంటే గిటారూ యాంపూ కలిస్తేనే వాయిద్యం. చేతిలో ఇరవై వేలుంటే దాదాపు అంతా గిటారుకే పోసి, మిగిలిన చిల్లరతో యాంపు కొనడం తప్పు. నాలుగో వంతైనా యాంపుకి, కేబుల్‌కి, ట్యూనర్‌కి, భుజం పట్టీకి ఉంచండి. అపార్టుమెంట్లో ఉండేవాళ్లకి హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న యాంపు చాలు. రాత్రి పదింటికి కూడా సాధన చేసుకోవచ్చు.

చవక గిటారంటే చిన్నచూపు అవసరం లేదు. రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ 1950 ప్రాంతంలో మెడను విడిగా చేసి స్క్రూలతో శరీరానికి బిగించే పద్ధతిలో గిటార్లు తెచ్చాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు, కానీ ఫ్యాక్టరీలో వేగంగా చేయగల, పాడైతే సులభంగా విప్పగల వస్తువు ఎలా ఉండాలో తెలుసు. ఈనాటి ప్రారంభ శ్రేణి గిటార్లలో చాలావరకు ఆ దారిలో వచ్చినవే. యమహా, స్క్వయర్, ఐబనీజ్, కోర్ట్... ఏ పేరున్నా ఫర్వాలేదు, మీ చేతికొచ్చిన ఆ ఒక్క గిటారు ఎలా ఉందన్నదే ముఖ్యం.

అది తెలియాలంటే దుకాణానికి వెళ్లాలి. వెంట వాయించడం వచ్చినవాళ్లెవరైనా ఉంటే మరీ మంచిది. కూర్చుని కాదు, పట్టీ వేసుకుని నిలబడి పట్టుకోండి. నాలుగు కిలోల బరువు గంట తర్వాత భుజానికి తెలుస్తుంది. వీణకు మెట్లలా దీనికి ఉండే ఫ్రెట్ల అంచుల మీద అరచేయి జార్చి చూడండి, గీరుకోకూడదు. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి, ఎక్కడా జరజరమనకూడదు. పన్నెండో ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. వేర్వేరుగా ఉంటే వంతెన సరిచేయాలి. తీగలు ఎత్తుగా ఉంటే తగ్గించమని అడగండి. దీన్ని సెటప్ అంటారు. కొత్త గిటారుకైనా ఇది చేయించి తీరాలి. తేమ మారినప్పుడు మెడ కొద్దిగా వంగుతుంది, విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో తీగలూ త్వరగా తుప్పు పడతాయి. మొదట్లో సన్నని తీగలే వేయించుకోండి. స్ప్రింగుల ఆధారంతో తేలే ఫ్లాయిడ్ రోజ్ వంతెన మాత్రం వద్దు. శ్రుతి చేయడానికే సగం సాయంత్రం పోతుంది.

ఇంట్లో వాయిస్తుంటే గుయ్‌మని మోత వస్తే కంగారు పడకండి. ఒకే చుట్ట ఉన్న పికప్ చుట్టూ ఉన్న కరెంటు తీగల మోతను కూడా పట్టుకుంటుంది. ఈ మోతను రద్దు చేయడానికే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు చుట్టల హంబకర్‌ను తయారు చేశాడు. అయితే మోతకు మరో కారణం కూడా ఉండొచ్చు, అది ప్రమాదకరం. గోడ సాకెట్లో ఎర్తు లేకపోవడం. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే, ఎర్తు లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. మన పాత ఇళ్లలో, ఊళ్లలో పందిళ్ల దగ్గర మూడో పిన్ను పేరుకే ఉంటుంది. గిటారు తీగలు చేతిలో ఉండగా మైకుకి పెదవి తాకితే షాకు కొట్టే ప్రమాదం ఉంది. గిటారు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఈ ఒక్క మాట అమ్మానాన్నలకు.

కరెంటు వాయిద్యం మనది కాదని అనేవాళ్లకి పాలకొల్లు అబ్బాయిని గుర్తు చేయాలి. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాలనుకున్నప్పుడు, మామూలు మాండొలిన్‌లో నాదం వెంటనే ఆరిపోయేది. గమకం లాగేంతసేపు నిలిచేది కాదు. అందుకే ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు, జంట తీగలు వదిలి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. ఏ నాదం కావాలో ముందు తెలిసింది, వాయిద్యం ఆ తర్వాత వచ్చింది. మీరూ ముందు ఏ పాటలు వాయించాలనుందో రాసుకోండి. ఏ గిటారన్నది వాటిలోంచే తేలుతుంది.

ఇక మనుషులు. దీనికి దుకాణం లేదు.

1957 జులై 6న లివర్‌పూల్‌లోని వూల్టన్ చర్చి ఉత్సవంలో పదహారేళ్ల జాన్ లెనన్, తర్వాత బీటిల్స్‌గా మారిన తన బృందంతో వాయించాడు. చవక గిటారు, దాని మీద తల్లి నేర్పిన బాంజో పట్లు. ఆ రోజు పరిచయమైన పదిహేనేళ్ల పాల్ మెకార్ట్నీకి శ్రుతి చేయడం వచ్చు, పాట మాటలన్నీ నోటికొచ్చు. తనకంటే బాగా వాయించేవాణ్ని పక్కన పెట్టుకుంటే తన పెద్దరికం పోతుందేమోనని లెనన్ ఆలోచించాడు. చివరికి తన స్థానం కంటే బృందం బలమే ముఖ్యమనుకుని పిలిచాడు. కొన్నాళ్లకు మెకార్ట్నీ తెచ్చిన జార్జ్ హారిసన్ మరీ చిన్నవాడని లెనన్ వెనకాడితే, ఆ కుర్రాడు బస్సు పై అంతస్తులో 'రాంచీ' అనే పాట తప్పు లేకుండా వాయించి చోటు సంపాదించాడు. బేస్ గిటారు మాత్రం ఎవరికీ వద్దు. అప్పటిదాకా అది వాయించిన స్టువర్ట్ సట్‌క్లిఫ్ 1961లో వెళ్లిపోయాక ఆ పని మెకార్ట్నీ తలకెత్తుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, అందుకే రెండు వైపులా ఒకేలా ఉండే చవకైన వయొలిన్ ఆకారపు హోఫ్నర్ కొన్నాడు. దాన్ని తిప్పి పట్టుకున్నా వింతగా కనిపించదు.

మన దగ్గరా ఇదే చిక్కు. నలుగురు చేరితే నలుగురూ లీడ్ గిటారే అంటారు. ఒకరు బేస్‌కి మారితే తప్ప అది బ్యాండ్ కాదు. బేస్ తీసుకున్నవాళ్లను మిగతావాళ్లు నెత్తిన పెట్టుకోవాలి. డ్రమ్స్ వాయించేవాళ్లు ఇంకా అరుదు, వాళ్ల కోసం చర్చిల్లో వెతకండి. కోస్తా జిల్లాల్లో, హైదరాబాద్‌లో ప్రతి ఆదివారం ఆరాధనలో వాయించి చేయి తిరిగిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. కాలేజీ నోటీసు బోర్డూ పనికొస్తుంది. బ్రయాన్ మే ఇంపీరియల్ కాలేజీలో చదువుతూ డ్రమ్మర్ కావాలని అతికించిన కాగితమే రోజర్ టేలర్‌ను తెచ్చింది.

క్వీన్‌కి బేస్ వాయించేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వచ్చి వెళ్లారు. 1971లో పంతొమ్మిదేళ్ల జాన్ డీకన్ వచ్చాడు. ఎక్కువ మాట్లాడడు, తను ముందుకు రావాలని ఆరాటపడడు, ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో అతను చేసిన చిన్న యాంపును మే ఎన్నో రికార్డింగుల్లో వాడాడు. పంచగనిలో చదువుకున్న గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీతో కలిసి ఆ నలుగురూ 1991లో మెర్క్యురీ చనిపోయేదాకా మారలేదు. వేగంగా వాయించగలవాళ్లు ముందూ దొరికారు. నిలిచింది మిగతా ముగ్గురితో ఇమిడినవాడు.

కాబట్టి కొత్తగా చేరే మనిషిలో వేళ్ల వేగం కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. చెప్పిన టైముకి వస్తున్నాడా? పక్కవాడు వాయిస్తుంటే తన వాల్యూం తగ్గిస్తున్నాడా? ఇల్లు బస్సులో చేరగలిగేంత దూరంలోనే ఉందా? కోచింగ్ క్లాసులు ఏ రోజుల్లో? ఇవన్నీ మొదటి రోజే అడగాలి, మొహమాటం వద్దు. జామ్‌రూమ్ అద్దె ఎవరు ఎంతిస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి. మొదట మూడు పాటలు చాలు, అందులో ఒకటి సొంతం. చౌరస్తా బ్యాండ్ తెలుగులో సొంత పాటలు కట్టుకునే జనంలోకి వెళ్లింది. ఆ బృందం నుంచి వచ్చిన రామ్ మిరియాలే 2021లో 'జాతిరత్నాలు' సినిమాకి పాడాడు.

కాలేజీ యాజమాన్యాలకు ఒక విన్నపం. ఏటా ఫెస్ట్‌కి బయటి బ్యాండ్లను లక్షలిచ్చి పిలుస్తున్నారు. అందులో కొంత తీసి ఒక గదికి ఎర్తింగ్ చేయించి, ఒక డ్రమ్ సెట్టు, రెండు యాంపులు పెట్టి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉంచండి. తాళం ఒక విద్యార్థి చేతికివ్వండి.