సభ్యులు చూడదగిన కొన్ని మరుగుపడిన చలనచిత్రములు



ప్రతి మాసమును ఈ పుటలలో విత్తనమును గూర్చియో, ఎరువును గూర్చియో, తెగుళ్లను గూర్చియో వ్రాయుచుండెడి మేము ఈ మాసము చలనచిత్రములను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. వ్యవసాయ ప్రదర్శకునకు సినిమాలతో పనియేమి యని యడుగవచ్చును. మా వృత్తియే చూపించుట గదా! పది ఉపన్యాసములు విని నమ్మని రైతు పొరుగువాని మడిలో పైరును కంటితో చూచినచో నమ్మును. మంచి చలనచిత్రము గూడ అట్టి ప్రదర్శన క్షేత్రమే యని మా యభిప్రాయము. ఈ యభిప్రాయము మాకెట్లు కలిగెనో ముందు చెప్పెదము.

గడచిన సంక్రాంతి తరువాత మా సంఘ సభ్యుడైన యొక వృద్ధ రైతుతో గూడి మేము హైదరాబాదునకు పోయితిమి. వారి కుమారుడు మాదాపూరులో కంప్యూటరు ఉద్యోగి, కొండాపూరులో కాపురము. మన సభ్యులలో ఇట్టి కుటుంబములు నేడరుదు కాదు. తండ్రి పొలమున, కొడుకు హైటెక్ సిటీలో. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సు మేడను ప్రారంభించిరి. అది మొదలు ఈ పావు శతాబ్దములో మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, రాయదుర్గము పల్లెలన్నియు ఏకమై యొక నగరమైనవి. గచ్చిబౌలి పేరులో నేటికిని బావి యున్నది. మోట తోలువారు మాత్రము లేరు.

ఆదివారమునాడు కుమారుడు మమ్ము ప్రేమతో నొక పెద్ద మాలులోని సినిమాహాలునకు దీసికొనిపోయెను. ఆ చిత్రమున నాయకుడు రైతులను రక్షించువాడు. మూడు గంటలలో నూరుమందిని కొట్టెను గాని యొక్క మడికైనను నీరు పెట్టలేదు. మా వృద్ధ మిత్రుడు విశ్రాంతి సమయమునకు ముందే నిద్రపోయెను. కుమారుడు కొంచెము చిన్నబుచ్చుకొనెను.

ఆ యింట మరియొక సంగతి గూడ నడచుచుండెను. నగరమున నిల్లు కొనుటకై ఊరి రెండెకరముల పొలమును అమ్ముదమని కుమారుని కోరిక. తండ్రి కాదనలేదు, ఔననలేదు. ఇరువురు నా మాట యెత్తకయే నాలుగు దినములు గడపిరి.

ఆ రాత్రి మేము కోరగా కుమారుడు ఇంటి టెలివిజనుపై 'మా భూమి' చిత్రమును వెదకి పెట్టెను. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన యీ చిత్రము 1980లో విడుదలయ్యెను. కిషన్ చందర్ వ్రాసిన ఉర్దూ నవల దీనికి మూలము. రామయ్య యను పేద యువకుడు దొర దౌర్జన్యమును సహింపలేక ఊరు విడిచి, హైదరాబాదు చేరి, కార్మికులతో గలిసి లోకజ్ఞానము పొంది, తిరిగివచ్చి తెలంగాణ రైతాంగ పోరాటమున నిలుచుట ఇందలి కథ. తెరపై వెట్టివాండ్రు గడీ ముందు నిలుచుండిన ఘట్టము వచ్చినప్పుడు వృద్ధుడు మంచము దిగి తెర దగ్గర నేలపై కూర్చుండెను. పిమ్మట నిద్రపోలేదు.

చిత్రము ముగిసినపిదప కుమారుడు, "నాయినా, మన రెండెకరాలు మనకెట్ల వచ్చినయి?" అని యడిగెను. ముప్పది యేండ్లు దాటిన యా బిడ్డ ఆ ప్రశ్న నడుగుట అదియే మొదలు. "మీ తాత దొరకు వెట్టి చేసిండు బిడ్డా" అని ఆయన మొదలుపెట్టెను. తాత కౌలుకు దున్నిన సంగతి, 1950వ సంవత్సరపు హైదరాబాదు కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదారుగా పేరు వ్రాయించుకొనుటకు కచేరి చుట్టు తిరిగిన సంగతి, ఆ కాగితమును నాయనమ్మ కందుల కుండలో దాచిన సంగతి, అన్నియు చెప్పుచుండగా రాత్రి రెండు గంటలు దాటెను. అమ్మకము సంగతి తరువాత నేమైనదో అది వారి యింటి మాట. ఇచ్చట వ్రాయుట మర్యాద కాదు. కాని తెలియక అమ్ముట వేరు, తెలిసి అమ్ముట వేరు. తెలిసి ఉంచుకొనుటయు వేరే. ఆ తెలివిడి ఆ రాత్రి యొక చలనచిత్రము వలన ఆ యింటికి గలిగెను. అందుచేతనే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇట్టి చిత్రములు ఏల మరుగుపడినవి? ఇందులో పెద్ద తారలు లేరు. ప్రకటనలకు ధనము లేదు. నేడు శుక్రవారము విడుదలయైన చిత్రము ఆదివారము లోపల జనమును రాబట్టనిచో హాలునుండి తీసివేయుదురు. మూడవనాడు మొలకెత్తని విత్తనమును దున్నివేయుటకు ఇది సమానము. కొఱ్ఱలు, అరికలు మన పొలముల నుండి పోవుట వాని దోషము చేతనా? అడుగువారు లేకపోవుట చేత. ఈ చిత్రముల గతియు నట్టిదే. అడుగువారు మనమే కావలెను.

సహకార సంఘ సభ్యుడు మొట్టమొదట చూడవలసినది 'మంథన్'. ఇది 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన హిందీ చిత్రము. బెనెగల్ గారు మన సికింద్రాబాదులోని తిరుమలగిరిలో 1934లో జన్మించి, 2024 డిసెంబరులో కాలధర్మము నొందిరి. దీని పెట్టుబడి వృత్తాంతమే యొక పాఠము. గుజరాతు సహకార పాల సమాఖ్య సభ్యులు అయిదు లక్షలమంది రైతులు తలకు రెండు రూపాయల చొప్పున ఇచ్చిన పది లక్షల రూపాయలతో ఈ చిత్రము తయారయ్యెను. చిత్రము వచ్చినపుడు ఆ రైతులు లారీలెక్కి తమ చిత్రమును చూడబోయిరి.

కథలో గిరీష్ కర్నాడ్ ధరించిన పశువైద్యుడు ఒక పల్లెకు వచ్చి పాల సంఘమును స్థాపింపబూనును. పాలలోని వెన్నను పరీక్షించి న్యాయమైన ధర నిచ్చుట ఆరంభింపగనే, అంతదనుక తక్కువ ధరకు పాలు కొనుచుండిన వ్యాపారి కదలును. ఊరి పెద్దయు అడ్డు తగులును. కులభేదము సంఘపు ఎన్నికలలో ప్రవేశించును. పైనుండి వచ్చిన యుద్యోగి తుదకు బదిలీయై పోవును. అంతటితో సంఘము మునిగెనా? అదియే చిత్రము మనల నడుగు ప్రశ్న. నసీరుద్దీన్ షా ధరించిన భోలా యను పల్లెవాడు మిగిలినవారితో పాలు తెచ్చి సంఘమును నిలుపును. సంఘము ఉద్యోగిది కాదు, సభ్యులదే యని మేము సభలలో ఎన్నిమార్లు చెప్పితిమి! ఆ మాట రెండుగంటలలో ఇంతకంటె స్పష్టముగ మాకు చెప్పరాదు. ప్రాతబడిన ఈ చిత్రపు ప్రతిని బాగుచేసి 2024లో ఫ్రాన్సు దేశమందలి కాన్ ఉత్సవమున ప్రదర్శించిరి.

అదే దర్శకుని 'అంకుర్' 1974లో వచ్చినది. హైదరాబాదు ప్రాంతపు దక్కనీ మాట ఇందు వినబడును గాన మనవారికి సులభముగ బోధపడును. పట్టణమున చదివిన భూస్వామి కుమారుడు పొలము చూచుకొనుటకు పల్లెకు వచ్చి, తనను నమ్మిన బీదరాలికి చేసిన ద్రోహము ఇందలి కథ. చదువు వచ్చినంతమాత్రమున దొరతనము పోదని ఈ చిత్రము చూపును.

మూడవది 'మట్టి మనుషులు'. బి. నర్సింగరావు దర్శకత్వమున 1990లో తయారైనది. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమానము నొందినది. పల్లెను విడిచి నగరమునకు వచ్చి భవనములు కట్టు కూలిజనుల బ్రతుకు ఇందలి విషయము. సైబర్ టవర్సునకు పునాది పడక పూర్వమే తీసిన చిత్రమైనను, నేడు కొండాపూరున కాపురమున్నవారు దీనిని చూచి, కిటికీ తెరచి, ఎదుట లేచుచున్న మేడవంక చూచినచో, ఇటుకలు మోయుచున్న స్త్రీ ఏ ఊరినుండి వచ్చెనో యను ఆలోచన కలుగును. ఆమె మన జిల్లాది కావచ్చును. మన సంఘ సభ్యుని కుమార్తెయే కావచ్చును.

ఈ దర్శకుని 'దాసి' (1988) గడీలో పెండ్లికూతురి వెంట అరణముగా పంపబడిన ఆడుబిడ్డ కథ. నటి అర్చనకు దక్కినదానితో గూడ అయిదు జాతీయ బహుమానములు దీనికి వచ్చినవి. మాటలు తక్కువ, నడక నెమ్మది. తొందరపడువారికి రుచింపదు. పెద్దలు మాత్రమే చూడదగినది.

అయిదవది మిక్కిలి ప్రాతది. గూడవల్లి రామబ్రహ్మముగారి 'రైతుబిడ్డ' (1939). ఇందు ప్రసిద్ధ నటుడు బళ్లారి రాఘవగారు చిన్న రైతు నర్సిరెడ్డిగా నటించిరి. ఎన్నికలలో జమీందారు పక్షమునకు గాక రైతుల పక్షమునకు ఓటు వేసినందుకు నర్సిరెడ్డి పడిన పాట్లు ఇందలి కథ. జమీందారులు కోపించి చిత్రమును ఆపించుటకు పూనుకొనగా ప్రభుత్వము నిషేధించినది. విచిత్రమేమనగా దీనికి ధనసహాయము చేసినవారు గూడ ఒక జమీందారే, చల్లపల్లి రాజావారు. బొమ్మ మసకగా నుండును, ధ్వని స్పష్టముగ నుండదు. కాని అప్పు, ఓటు, పంట యీ మూడును ఒకదానికొకటి ఎట్లు ముడిపడునో అంత సూటిగా చెప్పిన చిత్రములు తరువాతను కొద్దియే.

ఆరవది 'ఒక ఊరి కథ' (1977). ప్రేంచందు కథ నాధారము చేసికొని బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగున తీసినది. తండ్రీకొడుకు లిరువురు పని చేయరు. చేసినను ఫలము భూస్వామి పాలగును గాన ఏల చేయవలెనని తండ్రి వాదము. ఆ వాదమునకు బలియగునది ఇంటికి వచ్చిన కోడలు. దీనిని చూచి మేము ఆ తండ్రిని మెచ్చలేదు. ఆయనకు సమాధానము చెప్పను లేకపోతిమి. కూలిజనులు సోమరులైరని తేలికగా ననువారు తప్పక చూడవలెను.

తుదకు సంతోషముగ ముగియునది యొకటి వలయును గదా! అది 'మల్లేశం' (2019). ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశముగారి నిజజీవితము దీనికి మూలము. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో తల్లి చేయి దినమునకు వేలమారులు ఆడి భుజము నొచ్చుట చూచి, బడి చదువు మధ్యలోనే మానిన ఆ యువకుడు ఏండ్లతరబడి శ్రమించి ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో ఆయనకు పద్మశ్రీ బిరుదు లభించినది. దర్శకుడు రాజ్ రాచకొండ, నాయకుడు ప్రియదర్శి. యంత్రవిద్య యనిన హైటెక్ సిటీలోనే పుట్టునని తలచు పిల్లలకు దీనిని చూపవలెను. తల్లి నొప్పిని గమనించుటయే ఆ విద్యకు మొదలు.

ఇక వీనిని చూచు విధానము. ఒక్కరే సెల్‌ఫోనులో చూచుటవలన సగము ఫలమే కలుగును. నగరమునందలి పిల్లల యింటికి పోయినపుడు పెద్ద తెరపై పెట్టుమని యడుగుడు. వారు పండుగకు ఊరికి వచ్చినపుడు ఒక రాత్రి దీనికై కేటాయింపుడు. చూచిన వెంటనే లేచిపోక అరగంట మాటలాడుడు. పిల్లలు అడుగకున్నను పెద్దలు చెప్పవలెను. పెద్దలు చెప్పకున్నను పిల్లలు అడుగవలెను. పొలము పట్టా కాగితములో సర్వే నంబరుండును, విస్తీర్ణముండును; అది ఎట్లు వచ్చెనో ఉండదు. చెప్పువారు పోయినచో ఆ వృత్తాంతమును వారితోనే పోవును.

సంఘమందిరమున నెలకొక చిత్రమును చూపవలెనని గూడ మా సూచన. సాయంకాలపు పాలు పోయుట ముగిసిన తరువాత ఆరంభించినచో స్త్రీలు రాగలరు. వారికి ముందు వరుసలు ఉంచవలెను. పదిమందికి బహిరంగముగ చూపుటకు చిత్రపు హక్కుదారుల యనుమతిని ముందుగ పొందుట ధర్మము, చట్టసమ్మతము. ఆ పనికి కార్యదర్శిగారు నగరమున నున్న సభ్యుల బిడ్డల సహాయము కోరవచ్చును. ఆఫీసులలో నుండి ఊరికి ఏమి చేయగలమని అడుగువారు వారిలో పలువురున్నారు. ఇది వారు చేయదగిన పని.

చిన్ననాడు మిషను బడిలో విత్తువాని ఉపమానమును మేము వల్లించితిమి. త్రోవప్రక్కను పడినది, రాతినేలను పడినది, ముండ్లలో పడినది పోగా మంచినేల పడినదే ఫలించెను. విత్తనమునందు భేదము లేదు, నేలయందే భేదము. పై చిత్రములు ఇన్నాళ్లు త్రోవప్రక్కను పడియున్నవి. మొదట 'మంథన్' చూపింతమని మా కోరిక. సభ్యులు తమ సమ్మతిని, తమకు తెలిసిన ఇతర చిత్రముల పేర్లను రాబోవు సర్వసభ్య సమావేశములోపల సంఘ కార్యాలయమున తెలియజేయ ప్రార్థన.