రోమ్ శిథిలాల్లో మీ డిగ్రీకి పనుంది!

రోమ్ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్ చూడండి. కొలోసియం ముందు సెల్ఫీ, ఫౌంటెన్ దగ్గర ఓ రీల్, చేతిలో ఐస్‌క్రీమ్. తప్పేం లేదు, అంత ఖర్చు పెట్టుకుని వెళ్లాక ఆ మాత్రం సరదా ఉండాల్సిందే. కానీ ఇటలీలో స్కాలర్‌షిప్పులు దొరుకుతాయని విని మీరు కూడా అప్లికేషన్ పెట్టే ఆలోచనలో ఉంటే, రోమ్‌ని ఇంకోలా చూడొచ్చు. రెండు వేల ఏళ్ల నాటి గోడ ఇవాళ్టికీ నిలబడి ఉందంటే, దాన్ని నిలబెడుతున్నది ఎవరు? వాళ్లు ఏం చదివారు? ఈ రెండు ప్రశ్నలతో తిరగండి. మీ బ్రాంచికీ అక్కడి రాళ్లకూ ఉన్న సంబంధం బయటపడుతుంది.

ఒకే చర్చి.. కింద రెండు కాలాలు

మొదట శాన్ క్లెమెంతే చర్చికి వెళ్లండి. కొలోసియం నుంచి పది నిమిషాలు కూడా నడవక్కర్లేదు. బయటి నుంచి చూస్తే మామూలుగానే ఉంటుంది. మీరు అడుగుపెట్టే చర్చి 12వ శతాబ్దానిది. మెట్లు దిగితే దాని కింద 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే 1వ శతాబ్దపు రోమన్ భవనాలు, ఇరుకు సందు, మిత్ర అనే దేవుడి గుడి. పాతదాన్ని మట్టితో పూడ్చి, దాని గోడల మీదే కొత్తది కట్టుకుంటూ వచ్చారు.

కింద ఇదంతా ఉందని 1857లో తవ్వకం మొదలుపెట్టింది జోసెఫ్ ముల్లూలీ అనే ఐరిష్ ఫాదర్. అయితే అట్టడుగుకి చేరాక నీళ్లు వచ్చేశాయి. 1912-14 మధ్య సొరంగం తవ్వి ఆ నీటిని పాత రోమన్ మురుగు కాలువ వైపు మళ్లించాకే ఆ అంతస్తు మనుషులు తిరిగేలా తయారైంది. ఇప్పటికీ అక్కడ నిలబడితే నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. పుస్తకాల్లో దీన్ని పురావస్తు విజయం అంటారు. నన్నడిగితే సగం డ్రైనేజీ విజయం. సివిల్ వాళ్లు కాలర్ ఎగరేయొచ్చు.

మధ్య అంతస్తులో 11వ శతాబ్దం చివరి నాటి ఓ బొమ్మ ఉంది, వదలకండి. కోపంతో ఊగిపోతున్న యజమాని సెయింట్ క్లెమెంట్‌ను ఈడ్చుకురమ్మని పనివాళ్ల మీద అరుస్తుంటాడు. వాళ్లు ఈడుస్తున్నది మాత్రం రాతి స్తంభాన్ని! సెయింట్ మాటలు లాటిన్‌లో ఉంటే, యజమాని నోట వచ్చేది వీధిలో వాడే అచ్చమైన తిట్టు. ఇటాలియన్ వాడుక భాష రాతలో కనిపించే తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఇలాంటి గోడ బొమ్మలకు తేమే పెద్ద శత్రువు. గోడలోని ఉప్పు పైకి తేలి రంగును పొరలు పొరలుగా రాల్చేస్తుంది. దాన్ని ఆపేది కెమిస్ట్రీ చదివినవాళ్లు.

చర్చి అయింది కాబట్టే..

రోమ్‌లో పాత కట్టడం మిగలాలంటే ఎవరో ఒకరు దాన్ని వాడుతూ ఉండాలి. క్రీ.శ. 80లో మొదలైన కొలోసియం తర్వాతి కాలంలో రాళ్ల క్వారీ అయిపోయింది. 1349 భూకంపం తర్వాత కూలిన రాళ్లను బండ్లకెత్తి వేరే భవనాలకు తోలుకుపోయారు. అదే పాంథియన్ గుడిని 609లో చర్చిగా మార్చారు కాబట్టి దాదాపు మొత్తం నిలిచింది. చర్చి అయినా పూర్తిగా తప్పించుకోలేదు. 17వ శతాబ్దంలో ఒక పోప్ ముందు మండపంలోని కంచు ఊడదీయించాడు.

పాంథియన్ గుమ్మటం వెడల్పు 43 మీటర్లు దాటుతుంది. లోపల ఒక్క ఇనుప ఊచ లేదు. ఉక్కు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ ఇదే పెద్దది. కిటుకేంటంటే, కింద బరువైన రాయి కలిపారు. పైకి వెళ్లేకొద్దీ తేలికైనవి వాడుతూ, నెత్తిన అగ్నిపర్వతపు బూజురాయి వేశారు. ములుగు జిల్లా రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడింది కూడా పైన బరువు తగ్గించడానికే. ఇంటర్వ్యూలో కాంక్రీటు గురించి అడిగితే ఈ రెండూ కలిపి చెప్పి చూడండి.

ఫోరం శిథిలాల్లో ఇంకోటి. 141లో ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి చనిపోయిన భార్య ఫాస్టీనా కోసం గుడి కట్టించాడు. అది తర్వాత చర్చి అయింది. తలుపు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, నేలకు చాలా ఎత్తున గాల్లో ఉన్నట్టుంటుంది. చర్చి కట్టేనాటికి మట్టి పేరుకుని నేల అంత ఎత్తుకు చేరింది, తర్వాత పురావస్తు వాళ్లు తవ్వేశారు. అన్నట్టు, ఈ ఫాస్టీనా బంగారు నాణెం మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికింది.

మెట్రో తవ్వితే బ్యారక్స్

రోమ్‌లో గునపం వేస్తే ఏదో ఒకటి తగులుతుంది. 2016లో మెట్రో సి లైన్ పనుల్లో హాడ్రియన్ కాలపు సైనికుల బ్యారక్స్ బయటపడ్డాయి, 39 గదులు. అందుకే అక్కడ మెట్రో ఇంజినీర్ల పక్కనే పురావస్తు నిపుణులు పనిచేస్తారు. 2018లో తెరిచిన శాన్ జొవాన్ని స్టేషన్‌లో దొరికినవన్నీ లోతును బట్టి పేర్చారు. మెట్లు దిగుతుంటే చరిత్రలోకి వెనక్కి వెళ్తున్నట్టే ఉంటుంది. మెట్రో టికెట్ ధరకే మ్యూజియం!

మరి మీకేంటి?

ముందు ఒక హెచ్చరిక. 'చదువుకుంటూ ఇండియన్ టూరిస్టులకు రోమ్ చూపించి నాలుగు యూరోలు సంపాదించు' అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇటలీలో లైసెన్స్ లేకుండా గైడ్ పని చేయడం చట్టవిరుద్ధం. 2023 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టంతో జాతీయ స్థాయి పరీక్ష, రిజిస్టర్ వచ్చాయి. స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటల పనికే అనుమతి. జరిమానా పడితే సంపాదన సంగతి అటుంచి, పర్మిట్‌కే ఎసరు రావచ్చు.

సరైన దారులు వేరే ఉన్నాయి. కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్ రోమ్‌లోనే ఉంది. దాన్ని పెట్టాలని యునెస్కో నిర్ణయించింది 1956లో, మన న్యూఢిల్లీలో. అక్కడ ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి, వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. ఇక్కడే ఉండి చేయాలంటే, సంబంధిత పీజీ ఉన్నవాళ్లకు గ్రేటర్ నోయిడాలోని దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. కెమిస్ట్రీ వాళ్లు లక్నోలోని జాతీయ పరిరక్షణ పరిశోధనశాలను గుర్తుపెట్టుకోండి. ఆర్కిటెక్చర్ చదివితే ఢిల్లీ ఎస్‌పీఏలో కన్జర్వేషన్‌లో మాస్టర్స్ చేయొచ్చు. గైడ్ కావాలనుకునేవాళ్లకు కేంద్ర పర్యాటక శాఖ టూరిస్ట్ ఫెసిలిటేటర్ సర్టిఫికెట్ కోర్సు తెచ్చింది. ఇవి ఐటీలా వందల్లో తీసుకునే ఉద్యోగాలు కావు. ఖాళీలు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు ఎక్కువ. అయితే పోటీపడేవాళ్లూ అంత మంది ఉండరు.

వెళ్లేవాళ్లకు చివరిగా కొన్ని మాటలు. చాలా చర్చిల్లో ప్రవేశం ఉచితం, శాన్ క్లెమెంతేలో కింది అంతస్తులకు మాత్రం టికెట్. పాంథియన్‌కు కూడా 2023 జులై నుంచి టికెట్ పెట్టారు. ప్రభుత్వ మ్యూజియాలు, కొలోసియం నెలలో మొదటి ఆదివారం ఉచితం, క్యూ మాత్రం చాంతాడంత ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. మధ్యాహ్నం చాలా చర్చిలు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. వాన పడితే రూమ్‌లో కూర్చోకుండా పాంథియన్‌కు వెళ్లండి. గుమ్మటం నడినెత్తిన ఉన్న రంధ్రంలోంచి వాన నేరుగా లోపల పడుతుంటుంది, ఆ నీళ్లు పోవడానికి నేలలో చేసిన చిన్న చిన్న బెజ్జాలు ఎక్కడున్నాయో వెతకండి.