బోధను: మన పొరుగున ఒక కోర్డోబా

పాఠశాలలలో విహారయాత్ర యనగానే హైదరాబాదు పేరే ముందు వచ్చును. చార్మినారు, గోలకొండ, జంతుప్రదర్శనశాల చూచి పిల్లలు రాత్రికి ఇల్లు చేరుదురు. ఇందు తప్పేమియు లేదు. కాని బాన్సువాడనుండి గంటసేపటి ప్రయాణములో నున్న బోధనును చూచినవారెందరని తరగతిలో ఒకమారు అడిగి చూడుడు. అచట మేనమామ యిల్లున్నవారు పలువురు లేతురు. దేవల్ మసీదులో అడుగుపెట్టినవారు ఇద్దరో ముగ్గురో యుందురేమో!

బోధను సామాన్యమైన ఊరు కాదు. బుద్ధుని కాలమునాటి పదునారు మహాజనపదములలో దక్షిణాపథమునకు చెందినది అశ్మక మొక్కటే. దాని రాజధానియైన పోదనము నేటి బోధనే యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. జైనులకు ఇది బాహుబలి ఏలిన పౌదనపురము. అచటి బాహుబలి విగ్రహమును దర్శింపవలెనని తల్లి కోరగా బయలుదేరిన చాముండరాయడు, నడుమ శ్రావణబెళగొళ వద్ద ఆగిపోయి, 10వ శతాబ్ది చివర అచటి కొండమీదనే మహావిగ్రహమును చెక్కించెనని జైనుల కథ. అనగా, ఆ ప్రఖ్యాత విగ్రహమునకు మూలము మన పొరుగూరిని చూడవలెనను ఒక ముసలితల్లి కోరికయే! ఊరివారు మాత్రము భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురము ఇదియే యందురు. ఏకచక్రపురము తమదే యను ఊళ్లు దేశమున మరికొన్ని కలవు; ఆ తగవులోనికి మనము పోనక్కరలేదు.

ఊరిలో ముఖ్యముగా చూడవలసినది దేవల్ మసీదు. పేరులోనే గుడియు మసీదును కలిసియున్నవి. నక్షత్రాకారపు పునాదిమీద వరుసలుగా స్తంభములు నిలిచియున్నవి. జనులు దీనిని నూరు స్తంభముల గుడి యందురు. 11వ శతాబ్దినాటి చాళుక్య శాసనమున ఇచటి ఇంద్రనారాయణ దేవాలయము పేర్కొనబడినది. స్తంభములపై అక్కడక్కడ తీర్థంకరుల బొమ్మలు కానవచ్చును. 14వ శతాబ్దిలో మహమ్మదు బిన్ తుగ్లకు కాలమున ఈ కట్టడము మసీదుగా మార్చబడెను.

స్పెయిను దేశపు దక్షిణభాగమునగల కోర్డోబా నగరములో దీనికి ఎదురు నడచిన కథ యొకటి కలదు. అచట 8వ శతాబ్ది చివర మొదటి అబ్దుర్రహ్మాను మహామసీదును ప్రారంభించెను. తరువాతి పాలకులు దానిని పెంచుచు పోయిరి. నేడు అందు ఎనిమిదివందలకు పైగా స్తంభములున్నవి. వానిలో పెక్కు అంతకు పూర్వపు రోమను కట్టడములనుండి తెచ్చినవి. 1236లో నగరము క్రైస్తవ రాజుల వశము కాగా మసీదు చర్చి యయ్యెను. 16వ శతాబ్దిలో స్తంభముల నడుమ పెద్ద చర్చిమండపము లేచెను. నాడు నగరసభవారే దానిని వలదనిరి. అనుమతించిన చక్రవర్తి అయిదవ చార్లెసు సహితము తరువాత చూచి విచారించెనని చెప్పుదురు. 1984లో అది ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపబడినది.

ఇట్టి చోట్ల ఉపాధ్యాయుని పని కత్తిమీద సాము. మార్పు జరుగనే లేదని దాచుట అసత్యము. ఎవరు ఎవరిది మార్చిరను లెక్క యొక్కటే చెప్పి పిల్లలను వెలుపలికి తెచ్చుట అంతకంటె చెరుపు. ఒక్క స్తంభము చెంత పది నిముషములు నిలిపి, దానిని చెక్కిన చేతులను గూర్చి, దానికింద ప్రార్థించినవారిని గూర్చి అడిగినచో తరువాతి ప్రశ్నలు వారే వేయుదురు.

కోర్డోబా మసీదు ముంగిలి నారింజతోట. స్పెయినువారు ఆ పండును 'నరంహ' యందురు; మన నారింజకు అది చుట్టమే. మన 'శర్కర' పారసీకమున 'షకర్' అయి, అరబ్బుల నోట 'సుక్కర్' అయి, వారు నాటిన చెరకుతోబాటు స్పెయిను చేరి 'అసూకార్' అయ్యెను. ఆ షకర్ పేరనే బోధనులో శక్కర్‌నగర్ వెలసినది. 1931లో పూర్తియైన నిజాంసాగర్ నీటితో చెరకు పండగా, ఆ దశకము చివర అచట నిజాం చక్కెర కర్మాగారము లేచినది. 2015 డిసెంబరులో అది మూతపడెను. పేరులో మాత్రము చక్కెర మిగిలినది.

కోర్డోబావారు ప్రతి మే మాసమున తమ ఇండ్ల లోముంగిళ్లను పూలకుండలతో నింపి అందరికిని తలుపులు తెరతురు. బోధను సమీపమునగల హున్సా గ్రామస్థుల వేడుక అంత సుకుమారమైనది కాదు. హోళీనాటి సాయంకాలమున మగవారు రెండు పక్షములై, నడుమ మోకు పట్టుకొని, కొన్ని నిముషములపాటు ఒకరినొకరు పిడికిళ్లతో గ్రుద్దుకొందురు. దానికి పిడిగుద్దులాట యని పేరు. ఆట ముగియగానే కామదహనపు బూడిద గాయములకు రాచుకొని, కొట్టినవారినే కౌగిలించుకొందురు. పోలీసులు వలదన్నప్పుడును ఆట ఆగలేదు. హోళీకి పోవు ఉపాధ్యాయులు పిల్లలను కొంత ఎడముగా నిలుపుట మంచిది.