గుండు లేని ఫిరంగి

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక ఇంటి పెరట్లో, పుట్టబోయే బిడ్డ కోసం బంధుమిత్రులు చేసుకున్న వేడుకలో చిన్న ఫిరంగి పేల్చారు. మెరుపు, మోత, పొగ తప్ప మరేదీ రాని సంకేత ఫిరంగుల కోవలోది అది. పేలగానే గొట్టం ముక్కలైంది. పది పదిహేను అడుగుల దూరంలో నిలబడ్డ 26 ఏళ్ల యువకుడికి ఇనుప ముక్క తగిలి ప్రాణం పోయింది. పోలీసులు చెప్పిన వివరాల్లో రెండింటిని గమనించాలి. ఫిరంగిలో గుండు వేయలేదు. అంతకుముందు దాన్ని చాలాసార్లు పేల్చారు, ఏమీ కాలేదు. జాతీయ దినోత్సవాలకో ఊరి సంబరాలకో సరదా ఫిరంగులు తయారుచేసుకునేవాళ్లు ధైర్యంగా చెప్పే రెండు మాటలూ ఇవే. ఆ రెండూ భద్రతకు రుజువులు కావన్నదే నా వాదన.

సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన తుపాకిమందు ఆరుబయట భగ్గున మండి ఆరిపోతుంది. గొట్టంలో బిగిస్తే మాత్రం అదే మంట క్షణంలో వేడి వాయువుగా మారి, దారి దొరికే దాకా అన్ని వైపులా ఒకే బలంతో తోస్తుంది. మూతి వైపు మాత్రమే తోయాలని దానికి ఎవరు చెప్పారు? వాయువు బయటికి పోయే వేగం కంటే లోపల పుట్టే వేగం ఎక్కువైతే గొట్టమే పగిలి గుండ్లవుతుంది. అందుకే గుండు లేదన్న మాట సగం నిజమే. పోత ఇనుము వంగి, ఉబ్బి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. పైగా ఈ మందు కాలాక సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగులుతుంది. ఆ మసి తేమను లాక్కుని లోపలి గోడను తుప్పు పట్టిస్తుంది. వెంట్రుకవాసి పగులు ఉంటే ప్రతి పేలుడుకూ అది మరికొంచెం సాగుతుంది. నిన్న బాగా పేలిందంటే నేడు గట్టిగా ఉందని కాదు, నిన్నటికన్నా కొంత బలహీనపడి ఉండవచ్చని.

ఈ విషయంలో పెద్ద పెద్ద ఇంజనీర్లే బోల్తాపడ్డారు. 1844 ఫిబ్రవరి 28న వాషింగ్టన్ దగ్గర పోటోమాక్ నదిలో ‘ప్రిన్స్‌టన్’ యుద్ధనౌక మీద విందు జరిగింది. అధ్యక్షుడు జాన్ టైలర్‌తో సహా వందలాది అతిథులు వచ్చారు. కెప్టెన్ రాబర్ట్ స్టాక్టన్ చేయించిన ‘పీస్‌మేకర్’ ఫిరంగి ఆ రోజు రెండుసార్లు ఘనంగా పేలింది. మరొక్కసారి చూపించమని అతిథులు అడిగితే మూడోసారి పేల్చారు. వెనుక భాగం బద్దలై విదేశాంగ మంత్రి ఏబెల్ అప్‌షర్, నౌకాదళ మంత్రి థామస్ గిల్మర్ సహా ఆరుగురు చనిపోయారు. అధ్యక్షుడు కింది అంతస్తులో ఉండడం వల్ల బతికాడు. అదే నౌకలో ఉన్న మరో ఫిరంగి ఇంజనీరు జాన్ ఎరిక్‌సన్ రూపొందించినది. పరీక్షల్లో దానికి పగులు కనిపిస్తే చుట్టూ ఇనుప కట్లు బిగించారు. స్టాక్టన్ దానిలాంటిదే ఇంకా మందంగా, పన్నెండు టన్నుల బరువుతో చేయించి, కొద్దిసార్లు పేల్చి చూసి సరిపెట్టుకున్నాడు. ప్రమాదం తర్వాత ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ నిపుణులు ముక్కలను పరిశీలించి ఇనుములోనూ, దాన్ని అతికించిన తీరులోనూ లోపాలు పట్టుకున్నారు. దళసరి గొట్టమైతే భయం లేదనుకునే పెరటి కార్ఖానా వీరులు ఈ కథ తెలుసుకోవాలి (మంత్రుల ప్రాణాలు పోయినా నేర్చుకోని పాఠం మరి).

మరి కేప్‌టౌన్‌లో 1806 నుంచి, ఎడిన్‌బరో కోటలో 1861 నుంచి వేళ తెలిపే ఫిరంగులు పేలుతూనే ఉన్నాయి కదా అనవచ్చు. నిజమే. కానీ అక్కడ శిక్షణ పొందిన సైనికులుంటారు, జనానికి దూరం ఉంటుంది, అధికారిక బాధ్యత ఉంటుంది. ఎడిన్‌బరోలో అయితే కాలాన్ని బట్టి ఫిరంగినే మారుస్తూ వచ్చారు. తుపాకీ గొట్టాలను మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్రవేయడానికి బర్మింగ్‌హామ్‌లో 1813లోనే చట్టబద్ధమైన పరీక్షాకేంద్రం పెట్టారు. మన హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ కాలపు గన్‌ఫౌండ్రీని తలచుకున్నా తెలుస్తుంది, ఫిరంగి చేయడం కొలిమి, పనివాళ్లు, పర్యవేక్షణ ఉన్న కార్ఖానా పని. ఇంటి గొట్టానికి ఇవేవీ ఉండవు. అమెరికా కేంద్ర చట్టం వినోదానికి, పాతకాలపు ఆయుధాల కోసం 50 పౌండ్ల దాకా కంపెనీ తుపాకిమందు కొనుక్కోనిస్తుంది. అది మందును తూస్తుంది, గొట్టాన్ని చూడదు. 2019 అక్టోబరులో అయోవా రాష్ట్రంలో ఒక కుటుంబం పుట్టబోయేది ఆడపిల్లో మగపిల్లాడో రంగుపొడితో చాటాలని సొంతంగా చేసుకున్న పరికరం బాంబులా పేలింది. 45 అడుగుల దూరంలో ఉన్న 56 ఏళ్ల మహిళ తలకు ముక్క తగిలి అక్కడికక్కడే చనిపోయింది.

ఇది దూరదేశపు వింత అనుకోవద్దు. శబరిమల వెళ్లొచ్చిన తెలుగు అయ్యప్పలకు అక్కడి వెడి వళిపాడు తెలిసిందే. కతినా అనే ఇనుప గొట్టాల్లో మందు కూరి పేల్చే మొక్కు అది. ఆ పని చేసే సిబ్బందికే 2023 జనవరిలో అక్కడి మాలికాపురం దగ్గర మందు నింపుతుండగా పేలి ఒళ్లు కాలింది. 2025 దీపావళికి భోపాల్‌తో పాటు మధ్యప్రదేశ్ ఊళ్లలో ప్లాస్టిక్ గొట్టాల కార్బైడ్ తుపాకులు వందకు పైగా పిల్లల కళ్లను గాయపరిచాయి. వాటిలో తుపాకిమందు లేదు, అయినా ధోరణి అదే: వీడియో చూసి చేయడం, ఒకసారి పేలితే చాలనుకోవడం.

అన్నిటినీ నిషేధిస్తే ఊరి సంబరం చప్పబడిపోదా అన్న అభ్యంతరం కొట్టివేయదగినది కాదు. పెద్ద మోత విన్నప్పుడు జనం ఒక్కటిగా కేరింతలు కొట్టడంలో నిజమైన ఆనందం ఉంది. కానీ ఆ ఆనందం మోతది, ఎవరు చేశారన్నదానిది కాదు. భారతదేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద తుపాకిమందు తయారీకి లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న బాణసంచావాళ్లను పిలిచి, మైదానంలో జనాన్ని దూరంగా నిలిపితే ఖర్చు పెరుగుతుంది, ఊరి కుర్రాళ్ల చేతిపనితనం చూపే అవకాశం పోతుంది. ఆ నష్టాన్ని ఒప్పుకుంటూనే, ఊళ్లో ఎవరైనా గొట్టం తెచ్చి నిలబెడితే, దీన్ని పరీక్షించిందెవరు అని అడిగే హక్కు ముందు వరసలో కూర్చునేవాళ్లకు ఉంది. జవాబు రాకపోతే కుర్చీ వెనక్కి జరపడం కాదు, వత్తి అంటించకుండా ఆపించాలి.