అనుమతి లేని ప్రవేశం: ఇంటి కంప్యూటర్‌కూ కాపలా అవసరం

పరుల ఇంట అడుగుపెట్టే ముందు సలాం చెప్పి, ఇంటివారి అనుమతి పొందాలని దివ్యఖుర్‌ఆన్ 'అన్‌నూర్' సూరా (24:27) మనకు బోధిస్తోంది. తిరిగి వెళ్ళమంటే నొచ్చుకోకుండా మరలిపోవాలని తరువాతి ఆయత్ చెబుతోంది. మూడుసార్లు కోరినా అనుమతి లభించకపోతే వెనుదిరగాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. గడపకు ఇంతటి మర్యాద నేర్చిన మనం, మన ఇంట్లోని కంప్యూటర్ గడపను మాత్రం కాపలా లేకుండా వదిలివేస్తున్నాము.

ఖమ్మం జిల్లా సరిహద్దున ఉన్న వేంసూరు వంటి మండల కేంద్రంలోనూ నేడు కంప్యూటర్ విలాసవస్తువు కాదు. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్ళు, పాస్‌పోర్టు ప్రతులు, గతించిన పెద్దల ఫొటోలు అందులోనే దాచుకుంటున్నాము. ఇదంతా కుటుంబం మన చేతిలో ఉంచిన అమానతు.

తలుపు తట్టి అడిగే ప్రశ్న

కంప్యూటర్‌ను నడిపించే ఆజ్ఞలు సిస్టమ్ ఫైళ్ళలో ఉంటాయి. విండోస్‌లో వీటిలో అధిక భాగం 'సి' డ్రైవ్‌లోని 'విండోస్' ఫోల్డరులో ఉంటుంది. మనం రాసుకున్న ఉత్తరం చెడిపోతే ఆ ఒక్క ఉత్తరమే పోతుంది. సిస్టమ్ ఫైలు మారితే యంత్రమే మన మాట వినదు. లేదా మనకు తెలియకుండా పరాయివాని మాట వింటుంది.

అందుకే 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి రెండు రక్షణలు ఏర్పడ్డాయి. ముఖ్యమైన ఫైళ్ళపై పూర్తి హక్కును 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' అనే అంతర్గత సేవకే అప్పగించారు. ఇక ఏ ప్రోగ్రామైనా యంత్రంలో లోతైన మార్పులు చేయదలిస్తే, అనుమతిస్తారా అని తెరపై ఒక ప్రశ్న కనబడుతుంది. తలుపు తట్టడమంటే ఇదే. వచ్చినవాడెవరో చూడకుండా 'ఎస్' నొక్కడం, ముక్కూమొహం తెలియనివానికి తలుపు తీయడమే.

గోడకు కన్నం

దొంగ ప్రతిసారీ తలుపు తట్టడు. 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన 'వన్నాక్రై' ఎవరి అనుమతీ అడగలేదు. విండోస్‌లోని ఒక లోపం గుండా చొరబడి, ఫైళ్ళకు తాళం వేసి, సొమ్ము చెల్లించమన్నది. సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారినపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు సైతం మొరాయించాయి. గమనించదగినదేమంటే, ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. దానిని వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి.

2019 మే నెల ఆరంభంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకూ ఇటువంటి దాడే ఎదురైంది. పెద్ద సంస్థలకే తప్పని ఆపద మన ఇంటికి రాదనుకోవడం అమాయకత్వం.

మనం చేయవలసినవి

1. నిత్యం వాడుకునేందుకు 'స్టాండర్డ్' ఖాతానే ఉంచాలి. 'అడ్మినిస్ట్రేటర్' ఖాతాను విడిగా, పాస్‌వర్డ్‌తో ఉంచాలి. అప్పుడు మార్పు కోరే ప్రోగ్రాముకు 'ఎస్' నొక్కితే సరిపోదు. పాస్‌వర్డ్ కూడా కావాలి.

2. అప్‌డేట్లను వాయిదా వేయరాదు. గోడకు పడిన కన్నం పూడేది వాటితోనే.

3. యాంటీవైరస్ ఆపివేయమని కోరే దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోరాదు. కాపలావానిని పంపివేయమనే అతిథి ఉద్దేశం ఏమై ఉంటుంది? పైగా ఇతరుల శ్రమఫలాన్ని వెల చెల్లించక వాడుకోవడం విశ్వాసికి తగదు.

4. సిస్టమ్ ఫైళ్ళు చెడిపోయాయన్న అనుమానం కలిగితే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరచి 'ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ' అనే ఆజ్ఞను ఆంగ్లాక్షరాలలో ఇవ్వాలి. యంత్రం తన ఫైళ్ళను తానే సరిచూసుకుని, చెడినవాటి స్థానంలో మంచి ప్రతులను ఉంచే ప్రయత్నం చేస్తుంది.

5. సిస్టమ్ ఫైళ్ళను మళ్ళీ తెచ్చుకోవచ్చు. తండ్రిగారి ఫొటోను తెచ్చుకోలేము. కాబట్టి ముఖ్యమైన పత్రాలకు మరొక నకలును విడి డిస్కులో దాచి, పని ముగియగానే దానిని కంప్యూటర్ నుంచి వేరుచేయాలి. తగిలించి ఉంచితే ఆ నకలుకూ తాళం పడుతుంది.

పాస్‌వర్డ్ ఎవరి వద్ద ఉండాలన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని సంప్రదించుకోవలసిన విషయం. అది పిల్లలపై అపనమ్మకం కాదు. ఏ కొత్త ప్రోగ్రామునైనా పెద్దలకు చెప్పి, ఎందుకో వివరించి వేసుకునే అలవాటు పిల్లలకు అబ్బితే, అనుమతి కోరే మర్యాదను వారు తెర ముందు కూడా నేర్చుకున్నట్లే.